డీసీఎస్ ఎఫ్/ఎ-18సి హార్నెట్ రివ్యూ: గురి కంటే ముందు చూపు

డీసీఎస్ వరల్డ్ అనే ఫ్లైట్ సిమ్యులేటర్‌లోని ఎఫ్/ఎ-18సి హార్నెట్ మాడ్యూల్ (సిమ్యులేటర్‌కి విడిగా కొని చేర్చుకునే విమానం) గురించి ఈ రివ్యూ. ఈగిల్ డైనమిక్స్ 2018లో దీన్ని ఎర్లీ యాక్సెస్‌గా, అంటే తయారీ పూర్తికాకముందే, విడుదల చేసింది. యుద్ధవిమానాల పోరు అంటే గింగిరాలు కొడుతూ ఒకరి తోక ఒకరు పట్టుకోవడమే అని చాలామంది అనుకుంటారు. ఆ సరదా కూడా ఇందులో ఉంది. కానీ నేను దీన్ని ఇంతగా మెచ్చుకునేది వేరే కారణానికి. ఎదుటి విమానం కంటికి కనబడకముందే గెలుపోటములు చాలావరకు ఎలా తేలిపోతాయో ఇది మన చేతులతోనే చేయించి చూపిస్తుంది.

హార్నెట్ ముక్కులో ఉండేది ఏపీజీ-73 రాడార్. స్విచ్ వేయగానే ఆకాశమంతా తెర మీదికి వచ్చేయదు. యాంటెన్నా అటూ ఇటూ తిరుగుతూ సన్నటి కిరణంతో వరసలు వరసలుగా వెతుకుతుంది. 140 డిగ్రీల వెడల్పు, 6 వరసలు పెట్టామంటే ఒక విడత పూర్తయ్యేసరికి ఎదురుగా వచ్చేవాడు కొన్ని మైళ్లు దగ్గరికి వచ్చేస్తాడు. 40 డిగ్రీలకు కుదిస్తే సమాచారం త్వరత్వరగా వస్తుంది, కానీ పక్క నుంచి వచ్చేవాడు దొరకడు. ఎత్తు సంగతి కూడా మనమే చూసుకోవాలి. కర్సర్ దగ్గర కనిపించే రెండు అంకెలు, ఆ దూరంలో రాడార్ ఏ ఎత్తు నుంచి ఏ ఎత్తు వరకు చూస్తోందో వేల అడుగుల్లో చెబుతాయి. వాటిని పట్టించుకోకపోతే శత్రువు కిరణం కింద నుంచి హాయిగా వచ్చేస్తాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది డాప్లర్ ప్రభావాన్ని (కదిలే వస్తువును తాకి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారడం) చూపించిన తీరు. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ సమీకరణం పరీక్షల్లో ఎన్నోసార్లు రాశాను, కానీ దాని మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడుతుందని ఒంటికి పట్టింది ఇక్కడే. కిందికి చూసే రాడార్‌కి విమానం నుంచి వచ్చే సిగ్నల్ కంటే నేల నుంచి తిరిగొచ్చేదే చాలా ఎక్కువ. అందుకని వేగంలో తేడాను బట్టి నేలను వడకట్టేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఎదుటివాడు మనకు అడ్డంగా తిరిగాడనుకోండి. మన వైపు అతని వేగం దాదాపు సున్నా. రాడార్ లెక్కలో అతనూ నేలలో భాగమైపోతాడు, తెర మీద గుర్తు మాయమవుతుంది. పైలట్లు దీన్ని నాచింగ్ అంటారు. దీనికి విరుగుడు కూడా అదే భౌతికశాస్త్రంలో ఉంది: మనం అతని కంటే కిందికి దిగి పైకి చూస్తే అతని వెనక ఉండేది ఖాళీ ఆకాశం. అప్పుడు దాక్కోవడం కష్టం. ఇవన్నీ పుస్తకంలో చదివితే ఒక పేజీ. ఇక్కడ మాత్రం గుండె దడదడలాడుతుండగా, సెకన్లలో తేల్చుకోవాలి.

విమానాలను దూరం నుంచే కొట్టే ఆమ్రామ్ క్షిపణి వదిలాక కూడా పని అయిపోదు. దాని సొంత రాడార్ ఆన్ అయ్యేదాకా లక్ష్యం ఎక్కడుందో మన విమానమే డేటాలింక్‌లో, అంటే రేడియో సంకేతాలతో, చెబుతుండాలి. అందుకే లక్ష్యాన్ని రాడార్ చూపు అంచున ఉంచి పక్కకు ఒరుగుతాం. దాన్ని క్రాంక్ అంటారు. అటు శత్రువు క్షిపణికి దూరం పెరుగుతుంది, ఇటు మన క్షిపణికి దారి చెబుతూనే ఉంటాం. ఆ కొన్ని సెకన్ల టెన్షన్ కోసమే నేను మళ్లీ మళ్లీ కూర్చుంటాను.

ఇంకొక విషయం. రాడార్ ఆన్ చేయడమంటే మన ఉనికిని చాటుకోవడమే. మన తరంగం వెళ్లి తిరిగి రావాలి. అవతలివాడి వార్నింగ్ రిసీవర్‌కి (రాడార్ తరంగాలను పసిగట్టే పరికరం) అది చేరితే చాలు. అంటే మనకు అతను దొరకకముందే మనం అతనికి తెలిసిపోవచ్చు. ఇక్కడే లింక్-16 (విమానాలు తమలో తాము సమాచారం పంచుకునే నెట్‌వర్క్) విలువ తెలుస్తుంది. దూరంగా ఎగురుతున్న అవాక్స్ అనే నిఘా రాడార్ విమానం పట్టిన లక్ష్యాలు మన ఎస్‌ఏ పేజీలో (చుట్టూ పరిస్థితి చూపే తెర) మ్యాప్‌లా కనిపిస్తాయి, మన రాడార్ మూగగా ఉన్నా సరే. తోడు విమానంతో కలిసి ఎగిరితే ఈ మాడ్యూల్ అసలు స్వరూపం బయటపడుతుంది.

దగ్గరి పోరులో హెల్మెట్ సైట్ (హెల్మెట్ మీదే కనిపించే గురి), వేడిని వెంబడించే ఏఐఎం-9ఎక్స్ క్షిపణి కలిస్తే తల తిప్పిన చోటికి గురి కుదురుతుంది. బాగుంటుంది, కానీ అక్కడిదాకా వచ్చామంటే ముందు ఏదో సరిగా జరగలేదని నా లెక్క.

జామింగ్ (శత్రువు రాడార్‌ను తరంగాలతో గందరగోళపరచడం) దగ్గర మాత్రం లోతు తక్కువ. అసలు వివరాలు రహస్యాలు కాబట్టి అంతకన్నా ఆశించడం న్యాయం కాదు. ఎఫ్-22, రఫేల్‌లలో ఉండే ఏఈఎస్ఏ రాడార్ (యాంటెన్నా కదలకుండా ఎలక్ట్రానిక్స్‌తోనే కిరణాన్ని తిప్పేది) అనుభవం కూడా ఇందులో రాదు, ఎందుకంటే ఇది మెకానికల్‌గా తిరిగే యాంటెన్నా ఉన్న విమానం. నేర్చుకునేవారికి ఇదే మంచిదని నా అభిప్రాయం. యాంటెన్నా ఎటు చూస్తోందో మనసులో ఊహించుకోవచ్చు.

థ్రాటిల్ (ఇంజన్ శక్తిని మార్చే లివర్), స్టిక్ (విమానాన్ని తిప్పే కర్ర) లేకుండా కొనకండి. రాడార్ స్విచ్‌లన్నీ వేళ్ల కిందే ఉండాలి, కీబోర్డ్‌తో ఈ ఆనందం సగం పోతుంది. ముందు ఉచితంగా వచ్చే సు-25టి విమానంతో డీసీఎస్ మీ కంప్యూటర్‌లో ఎలా నడుస్తుందో చూసుకోండి. హార్నెట్ తీసుకున్నాక కొన్నాళ్లు ఆయుధాల జోలికి వెళ్లకుండా, ఒక్క విమానాన్ని రాడార్‌లో పట్టి, అది ఎంత మెలికలు తిరిగినా పోనివ్వకుండా ఉంచుకోవడం సాధన చేయండి.