తెల్లబడే క్రీమ్ డబ్బాలు కొంటున్నారా? నల్గొండ వాళ్లు జాగ్రత్త

నల్గొండలో ఒక ఫ్యాన్సీ షాపులో కొన్న నైట్ క్రీమ్ మా చెల్లె ముఖాన్ని పాడు చేసింది. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి పెండ్లి షాపింగ్‌కు వచ్చే అక్కచెల్లెళ్లు కూడా ఇది చదవాలని రాస్తున్నా.

చెల్లెకు పెండ్లి కుదిరిన కొత్తలో ఆ షాపు వాట్సాప్ స్టేటస్‌లో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో నల్లటి అమ్మాయి, చెదిరిన జుట్టుతో తల దించుకుని ఉంది. రెండోదాంట్లో అదే అమ్మాయి తెల్లగా, నగలు పెట్టుకుని నవ్వుతోంది. కింద ‘పెండ్లికి ముందే మారిపోండి’ అని రాశారు. సరిగ్గా చూస్తే మారింది రంగొక్కటే కాదు. లైటు మారింది, తల దువ్వారు, నవ్వమన్నారు. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, వెనకబడ్డవాళ్లుగా చూపించొద్దని యాడ్‌ల ప్రమాణాలు చూసే ఆస్కీ సంస్థ 2014లోనే నియమం పెట్టింది. ఊళ్లో షాపు పెట్టే స్టేటస్‌ను అడిగేదెవరు? మా చెల్లె మంచి చామనఛాయ పిల్ల. ఆ ఫోటోలు చూశాక ‘అక్కా, నేను పెండ్లి ఫోటోల్లో బాగుండనేమో’ అని టెన్షన్ పెట్టుకుంది. ముఖం పాడైనందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ చేయనని చెబితే మన ఇళ్లలో అందరూ మెచ్చుకున్నారు. పెండ్లి మాటలప్పుడు మాత్రం ‘పిల్ల కొంచెం రంగు తక్కువ’ అని పెద్దవాళ్లే అంటారు. అలాంటి యాడ్‌లు నడిచేది ఆ మాటల మీదే.

చెల్లె ఆ క్రీమ్ రాసుకున్న కొత్తలో ముఖం నిజంగానే తెల్లబడింది, చుట్టాలు కూడా బాగుందన్నారు. డబ్బా అయిపోయి మానేయగానే ముఖమంతా ఎర్రబడింది. మంట, మొటిమలు, బుగ్గల మీద నూగు. ఎండలో నిలబడలేకపోయింది. ఇవి స్టెరాయిడ్ (వాపు, ఎర్రదనాన్ని అణిచే గట్టి మందు) కలిసిన క్రీమ్ లక్షణాలని స్కిన్ డాక్టర్ చూడగానే చెప్పారు. చాలా రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని 2018లో ప్రభుత్వం రూల్ తెచ్చింది. షాపాయనను అడిగితే ‘మానేశారు కాబట్టే అట్లయింది, ఇంకో డబ్బా తీసుకోండి’ అన్నాడు. బిల్లు అడిగితే ఇవ్వలేదు.

కొన్ని తెల్లబడే క్రీముల్లో పాదరసం కూడా ఉంటుంది. అది చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు.

అదే షాపులో నడుము సన్నబడే పొడి పోస్టర్ కూడా ఉంది. ఊబకాయం తగ్గిస్తామని, రొమ్ముల ఆకారం మారుస్తామని మందులకు ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

డబ్బా మీద తయారీదారు పేరు, అడ్రస్, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ లేకపోతే ఎంత తక్కువకిచ్చినా కొనకండి. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా, డబ్బా పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి పోండి. ఆ డబ్బా, స్టేటస్ స్క్రీన్‌షాట్, ఫోన్‌పే రసీదు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. మేం చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా పోతున్నాం. ఇలాంటి క్రీమ్‌తోనే ఇబ్బంది పడ్డవాళ్లుంటే చెప్పండి, కలిసి పోదాం.