గార్మిన్ జీరో సీ1 ప్రో: రౌండ్లు సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లు కొనాలా వద్దా

డల్లాస్ వైపు లాంగ్ రేంజ్ కాల్చే మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఏ క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ స్పీడ్ కొలిచే పరికరం) కొనాలి అని అడిగారు, అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడే రాసేస్తున్నా.

తూటాలో పోసే పౌడర్ తూకానికీ, కేస్‌ని (ఇత్తడి డొల్లని) సైజుకి తెచ్చే డైస్‌కీ బోలెడు ఖర్చు పెట్టి, స్పీడ్ కొలిచే దగ్గర మాత్రం వెనకాడతారు, అది నాకు అస్సలు నచ్చదు. 6.5 క్రీడ్‌మూర్ తూటాలో 140 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకి సుమారు 2,700 అడుగుల స్పీడ్‌తో పోతుంది కదా, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య స్పీడ్ 20 అడుగులు మారినా 100 గజాల్లో తేడా తెలీదు, 1000 గజాలకి వెళ్లేసరికి ఒకటి పైన ఒకటి కింద, దాదాపు అర అడుగు. అందుకే దగ్గర్లో గ్రూప్ (టార్గెట్ మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో) చూసి లోడ్ (పౌడర్, బుల్లెట్ లెక్క) కుదిరిందనుకోవద్దు.

గార్మిన్ జీరో సీ1 ప్రో 2023లో వచ్చింది, అప్పుడు రేటు 600 డాలర్లు. డాప్లర్ రాడార్, అరచేతిలో పట్టేంత డబ్బా. చిన్న ట్రైపాడ్ మీద రైఫిల్ పక్కన పెట్టి కాల్చడమే, తన్నుడు తగ్గి కన్ను మళ్లీ స్కోప్‌లోకి వచ్చేసరికి నంబర్ పడిపోయి ఉంటుంది. బారెల్‌కి కట్టే రకాలైతే ఆ బరువుకి బారెల్ అదురు మారి గ్రూప్ ఇంకోచోట పడుతుంది, స్పీడ్‌కి ఒకసారి గ్రూప్‌కి ఒకసారి కాల్చాలి. ఇది రైఫిల్‌ని ముట్టుకోదు కాబట్టి రెండూ అవే రౌండ్లతో తేలిపోతాయి, పౌడర్, ప్రైమర్లు (పౌడర్‌ని అంటించేవి) మిగిలినట్టే. నాకైతే ఈ ఒక్కదానికే డబ్బులు గిట్టుబాటు.

కానీ ఐదు రౌండ్లకి ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే స్పీడ్‌లు సగటు నుంచి ఎంత చెదిరాయో) 4 చూపించిందని సంబరపడిపోకండి, అదే లోడ్ ఇంకో ఐదు కాలిస్తే 11 రావచ్చు, శాంపిల్ చిన్నది అంతే. కనీసం 20 కాల్చాకే నమ్మండి. అప్పటికీ ఎక్కువే ఉంటే ముందు పౌడర్ తూకం చూడండి (0.1 గ్రెయిన్ అంటే ఆరున్నర మిల్లీగ్రాములే), తర్వాత కేస్ మెడ బుల్లెట్‌ని ఒకే రకంగా పట్టుకుంటోందో లేదో చూడండి. ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోవద్దు: మీ బారెల్ పొడవుకి రీలోడింగ్ మాన్యువల్‌లో మ్యాక్సిమమ్ లోడ్‌కి ఇచ్చిన స్పీడ్ దాటుతుంటే ప్రెజర్ ఎక్కువైందని అనుమానించాల్సిందే, అక్కడే ఆపేయండి, కేస్ మీద గుర్తులు కనపడేదాకా ఆగొద్దు.

లోటు ఒకటుంది. పాత ల్యాబ్‌రాడార్ (ఇంకో రాడార్ క్రోనోగ్రాఫ్) బుల్లెట్ వెనకాలే కొంతదూరం చూసేది, ఇది మజిల్ (బారెల్ మూతి) దగ్గర స్పీడ్ ఒక్కటే ఇస్తుంది, బీసీ (బాలిస్టిక్ కోఎఫిషియెంట్, బుల్లెట్ గాల్లో స్పీడ్ ఎంత నిలుపుకుంటుందో చెప్పే అంకె) సరిచూసుకోవాలంటే దీంతో కుదరదు.

డీర్ సీజన్‌కి 200 గజాల లోపే కాల్చేవాళ్లకి ఇది అక్కర్లేదు, ఆ డబ్బులతో మంచి బ్రాస్ కేసులు కొనుక్కోండి.