నాలుగు వాయువుల మీటరు: కిర్గిజ్ కొండల్లోని చిన్న బొగ్గు గనులకు పనికొస్తుందా?

కిర్గిజ్‌స్తాన్‌లో సులుక్తా లాంటి చోట్ల కొద్దిమంది కలిసి కొండలోకి అడ్డంగా తవ్వుకునే బొగ్గు సొరంగాల్లో చాలావాటికి ఫ్యాను ఉండదు. అక్కడికి మీథేన్, ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ), హైడ్రోజన్ సల్ఫైడ్ చూపించే జేబు మీటరు తప్పకుండా కొనాల్సిన వస్తువు. కానీ పెట్టెలోంచి తీసి నడుముకు తగిలించుకుంటే చాలదు.

ముందు ఆక్సిజన్ అంకె సంగతి. సెన్సారు పాక్షిక పీడనాన్ని (గాలి పీడనంలో ఆక్సిజన్ వాటాను) కొలిచే రకమైతే, కింద మైదానంలో సెట్ చేసిన మీటరు 2,500 మీటర్ల ఎత్తున మంచి గాలిలోనే 20.9 శాతానికి బదులు 15.4 దగ్గర చూపించి మోగుతుంది. గాలి చెడిపోయిందని కాదు, పీడనం నాలుగోవంతు తగ్గిందని. గాలి సన్నని కేశనాళిక (వెంట్రుకంత గొట్టం) గుండా లోపలికి వెళ్లే రకంలో ఈ తేడా బాగా తక్కువ. కొనేటప్పుడు ఇది అడగండి. ఏ రకమైనా గని దగ్గరే 20.9కి సెట్ చేసుకోవాలి. ప్రమాదం మొదలయ్యేది కూడా ఇక్కడే. చలికాలంలో లోపలి వెచ్చని గాలి పై ముఖద్వారం నుంచి బయటికి వస్తుంది. ఆ గాలిలో నిలబడి సెట్ చేస్తే 18 శాతాన్నే మీటరు 20.9 అనుకుంటుంది, ఆ తర్వాత లోపల రోజంతా దాదాపు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. ముఖద్వారానికి దూరంగా, గాలి వచ్చే వైపు, పొయ్యి పొగ, ఇంజిన్ పొగ తగలని చోట సెట్ చేయాలి.

ఇంకో లెక్క. సరిగ్గా సెట్ చేసిన మీటరు ఆ ఎత్తున 17 చూపిస్తే, ఒంటికి అందేది మైదానంలో 12.5 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. కాబట్టి 19.5 దగ్గర మోగే అలారాన్ని నొక్కి ఆపేసి పని కొనసాగించకూడదు. తవ్వి వదిలేసిన పాత సొరంగాల్లో బొగ్గు ఆక్సిజన్‌ను పీల్చేసుకోగా మిగిలిన చెడుగాలి పల్లంలో నిలుస్తుంది. లోపలా బయటా వేడి సమానమయ్యే వసంతంలో సహజ గాలి ఆడదు, వాతావరణ పీడనం పడిపోయిన రోజున ఆ చెడుగాలి పని చేసే చోటికి పాకుతుంది.

మీథేన్ విషయంలో మీటరు నిజాయితీగానే పనిచేస్తుంది. పేలుడు హద్దు 5 శాతం. స్క్రీన్ మీద అంకె ఆ హద్దులో ఎంత శాతమో చెబుతుంది, కాబట్టి 20 కనిపిస్తే గాలిలో మీథేన్ 1 శాతం ఉన్నట్టు. అయితే అది కప్పు కింద పొరగా నిలుస్తుంది, నడుము దగ్గరి మీటరుకు తెలియదు. పంపు, గొట్టం ఉన్న మోడలే తీసుకోండి. 3 మీటర్ల గొట్టాన్ని కప్పుకు ఆనించాక అంకె నిలబడే దాకా కనీసం నిమిషం ఆగాలి. వేడి తీగ రకం సెన్సారు మండటానికి ఆక్సిజన్ కావాలి, అది 10 శాతం దిగువకు పడితే మీథేన్ అంకె తక్కువ చూపిస్తుంది. ఆ సెన్సారుకు సిలికోన్ విషం. సిలికోన్ ఉన్న స్ప్రే గానీ పాలిష్ గానీ దగ్గర వాడొద్దు.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఫిల్టరు. గడ్డకట్టే చలిలోంచి తడి సొరంగంలోకి వెళ్లగానే దాని మీద చెమ్మ పడుతుంది, బొగ్గు ధూళి అంటుకుని జాలీ మూసుకుపోతుంది. అప్పుడు మీథేన్, సీఓ గడుల్లో నిశ్చింతగా 0 కనిపిస్తుంది. అందుకే ప్రతి షిఫ్టుకు ముందు సిలిండరులోని పరీక్ష గ్యాసు (వంట గ్యాసు కాదు, మీటరును పరీక్షించే వాయువుల మిశ్రమం) వదిలి, నాలుగు అంకెలూ కదిలి అలారం మోగుతుందో లేదో చూడాలి. సిలిండరు, రెగ్యులేటరు కొనడానికి డబ్బు లేదంటే మీటరు కొన్నా ఉపయోగం లేదు.

సీఓ ఒక్కసారి చూసి వదిలేసేది కాదు. గోధుమరంగు బొగ్గు (లిగ్నైట్) తనంతట తానే వేడెక్కుతుంది, కాబట్టి ఒకే చోట రోజూ రాసుకుంటూ పోవాలి. 4, 7, 11 అని పెరుగుతుంటే అలారం మోగకపోయినా ఆ గోఫ్ (బొగ్గు తీసేశాక వదిలేసిన ఖాళీ) లోపల నిప్పు రాజుకుంటోందన్న అనుమానంతో బయటికి రావాలి. చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీల దగ్గర మాత్రం హైడ్రోజన్ వల్ల తప్పు అంకె రావచ్చు.

హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సారు నిలవ నీటిని కదిపినప్పుడు తప్ప ఇక్కడ అంతగా అక్కరకు రాదు. దాని బదులు కార్బన్ డయాక్సైడ్ సెన్సారు పెట్టిచ్చే మోడల్ దొరికితే, ధర ఎక్కువైనా అదే తీసుకోండి.