మెక్సికోలో తొమ్మిది రోజుల టిఫిన్లు

ముందే చెప్పేస్తున్నా, మెక్సికో సిటీ వెళ్తే బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఇచ్చే హోటల్ రూమ్ తీసుకోకండి. మేం మొదటి రెండు రాత్రులు ఊరి నడిమధ్య సొకాలో అనే పెద్ద చౌరస్తా దగ్గర ఓ హోటల్లో దిగాం, రూమ్ శుభ్రంగా ఉంది, బాల్కనీ లోంచి కెతీడ్రల్ కూడా కనపడేది, కానీ పొద్దున్నే బఫేకి వెళ్తే చల్లారిపోయిన గుడ్డు, కార్న్‌ఫ్లేక్స్, బ్రెడ్డు, పుచ్చకాయ ముక్కలు. మనిషికి 280 పెసోలు. సరిగ్గా అదే టైమ్‌కి బయట సందులో ఆవిర్లు కక్కుతున్న గిన్నె ముందు జనం నిలబడి తింటున్నారు. చాలా బాధేసింది. రెండోరోజు నుంచి బఫే మానేశాం.

వెళ్ళింది నేను, మా ఆయన, తెనాలి నుంచి డాలస్ వచ్చి మా దగ్గరున్న అమ్మ. జనవరి ఆఖర్లో, మొత్తం తొమ్మిది రోజులు, మెక్సికో సిటీలో ఐదు, వహాకా అనే ఇంకో ఊళ్ళో నాలుగు. వీసా సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా, ఇండియన్ పాస్‌పోర్ట్‌లో చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు, మాకు అమ్మ విషయంలో కూడా ఏ ఇబ్బందీ రాలేదు, అయినా టికెట్లు కొనే ముందు రూల్స్ ఒకసారి చూసుకోండి. అమ్మ గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. మా ఆయన అన్నీ తింటారు. నాకు మాత్రం పొద్దున్నే కారం ఉండాలి.

మూడోరోజు నర్వార్తే అనే పేటలో అపార్ట్‌మెంట్‌కి మారాం. టూరిస్టులంతా దిగే రోమా, కొండెసా పక్కనే, రేటు మాత్రం తక్కువ, వంటిల్లు ఉంది, ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్ పెట్టారు (కుళాయి నీళ్ళు తాగకూడదు). లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, మెక్సికో సిటీ అసలే 2,240 మీటర్ల ఎత్తున ఉంటుంది కదా, అమ్మకి మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చేది. పెద్దవాళ్ళతో వెళ్తే లిఫ్ట్ ఉందా అని ముందే అడగండి, నేను అడగలేదు. రాత్రి తొమ్మిదింటికి కింద వీధిలో సైకిల్ బండి మీద తమాలెస్ (మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి) అమ్ముకుంటూ పోతారు, రికార్డు చేసిన గొంతు ఒకటే పాట పాడినట్టు అరుస్తుంది, రెండోరోజుకే అమ్మకి కంఠతా వచ్చేసింది.

ఇక అసలు విషయం, చిలకీలెస్. తొర్తియాలని, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టెల్ని, ముక్కలుగా కోసి, కరకరలాడేట్టు వేయించి, పచ్చడి లాంటి వేడి సాల్సాలో వేసి తిప్పి, పైన క్రీము, పొడిపొడి చీజు, ఉల్లిపాయ, కావాలంటే గుడ్డో చికెనో వేసిస్తారు. సాల్సా ఎర్రదా పచ్చదా అని అడుగుతారు. రెండూ కావాలంటే దివోర్సియాదోస్ అనాలి, అంటే విడాకులు తీసుకున్నవి, ఒకే పళ్ళెంలో ఇటు ఎరుపు అటు పచ్చ. నా ఓటు పచ్చదానికే. అది పచ్చి టమాటాతో చేసేది కాదు, తోమతీయో అని పల్చటి కాగితం లాంటి పొరలో ఉండే పుల్లటి కాయతో చేస్తారు. కాయల్నీ పచ్చిమిరపకాయల్నీ పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి నూరతారు, పాతకాలం ఇళ్ళల్లో ఇప్పటికీ మొల్కహేతె అనే రాతి రోట్లోనే. అమ్మ మొదటి ముద్ద తిని "ఏమే, ఇది రోటిపచ్చడే కదే, ఇంగువ పోపు ఒక్కటే తక్కువ" అంది. మిరపకాయా, టమాటా, మొక్కజొన్నా మన దగ్గరికి వచ్చింది ఆ నేల మీంచే, సపోటా పేరు కూడా అక్కడి నావాట్ భాష మాట త్సపోత్ల్ నుంచి వచ్చిందే, ఆ సంగతి చెప్తే అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

కొండెసాలో లా ఎస్కీనా దెల్ చిలకీల్ అని వీధి మూల బండి ఉంది, చిలకీలెస్‌ని తీసుకెళ్ళి బొలీయో అనే బ్రెడ్డులో కూరి ఇస్తారు. ఇరవై నిమిషాలు లైన్లో నిలబడ్డాం. మా ఆయనకి తెగ నచ్చింది, నాకు బ్రెడ్డు ఎక్కువైంది, కరకర పోయి మెత్తబడిపోతుంది. చిన్న ఫోండాలో కూర్చుని పళ్ళెంలో తినడమే మేలు. ఫోండా అంటే మన మెస్ లాంటిది, మేం తిన్నచోట చిలకీలెస్, కాఫీ, బొప్పాయి ముక్కలు కలిపి 110 పెసోలు పడింది. టిప్పు పది నుంచి పదిహేను శాతం ఇస్తారు.

కాస్త ఖర్చు పెట్టి కూర్చుని తినాలనుకుంటే సెంట్రోలో, అంటే ఊరి మధ్యలోని పాత పేటలో, పాల్మా వీధిలో ఉన్న ఎల్ కార్దెనాల్. 1969 నుంచి ఉన్న రెస్టారెంట్. పొద్దున్నే వెళ్ళండి, తర్వాత ఖాళీ ఉండదు. కూర్చోగానే తీపి బన్నుల ట్రే పట్టుకొస్తారు, దాంట్లోంచి కోంచా అనే గవ్వ గీతల బన్ను తీసుకుని నాతాస్ అడగండి. నాతాస్ అంటే మరేం కాదు, కాచిన పాల మీగడ! బన్ను మధ్యలో దట్టంగా రాసుకుని వేడి చాక్లెట్‌తో తింటారు. సర్వీసు మా ట్రిప్ మొత్తంలో ఇక్కడే బెస్ట్, అమ్మకి మాంసం వద్దు అని చెప్తే వెయిటర్ మెనూలో ఒక్కో దాని మీద వేలు పెట్టి ఇది తినొచ్చు ఇది వద్దు అని ఓపిగ్గా చూపించాడు.

వెజ్ వాళ్ళకి ఇది ముఖ్యం. సిన్ కార్నె, అంటే మాంసం లేకుండా, అని చెప్తే సరిపోదు. ఒకచోట అలా చెప్పినా గుడ్డులో హామ్ ముక్కలు వేసి తెచ్చారు, వాళ్ళ లెక్కలో అది కార్నె కిందకి రాదు కాబోలు. ఉడికించి నూరిన చిక్కుళ్ళలో పంది కొవ్వు, దాన్ని మంతేకా అంటారు, వేస్తుంటారు. తమాలెస్ పిండిలో కూడా అదే కలుపుతారు. అందుకని ఫిబ్రవరి రెండున, కాందెలారియా పండగరోజు, ఊరు ఊరంతా తమాలెస్ తింటుంటే అమ్మ అతోలె ఒక్కటే తాగింది, అదొక మొక్కజొన్న జావ, చాక్లెట్ వేస్తే చంపుర్రాదో. ఇంటి ఓనరమ్మ మా కోసం కూడా పొట్లం తెచ్చింది పాపం. జనవరి ఆరున కోసే రొట్టెలో చిన్న బొమ్మ దాస్తారు, అది ఎవరి ముక్కలో వస్తే కాందెలారియా రోజు తమాలెస్ పెట్టే బాధ్యత వాళ్ళది, ఈసారి ఆవిడకే వచ్చిందట.

మెట్రో స్టేషన్ల బయట పొద్దున్నే ఆఫీసులకి పోయేవాళ్ళు తినేది గ్వాహొలోతా, తమాల్‌ని బ్రెడ్డులో పెట్టి ఇస్తారు, కడుపు మధ్యాహ్నం దాకా నిండే ఉంటుంది. మెట్రో టికెట్ 5 పెసోలు, టిఫిన్‌తో కలిపి 40 లోపు అయిపోయింది. ఆదివారం మా ఆయన ఒక్కరే బర్బకోవా తినొచ్చారు, గొర్రెమాంసాన్ని చూడ్డానికి కలబందలా ఉండే మాగే ఆకులు కప్పి నేలగుంటలో రాత్రంతా ఉడికిస్తారు, పక్కన దాని రసం గ్లాసులో. ఆయన మొహం చూస్తే ఎలా ఉందో అడగక్కర్లేకపోయింది.

వహాకాకి బస్సులో వెళ్ళాం, ఏడు గంటల దాకా పట్టింది, సీట్లు బావున్నాయి, ఏసీ మాత్రం గడ్డకట్టించేసింది, శాలువా పెట్టుకోండి. బస మార్కెట్‌కి నడిచే దూరంలో చిన్న లాడ్జిలో, మధ్యలో ముంగిలి, నిమ్మచెట్టు, కింది గది. నాలుగు రోజులు హాయిగా గడిచాయి, మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాం.

వహాకా టిఫిన్ అంటే వెయింతె దె నొవియెంబ్రె మార్కెట్. చాక్లెట్‌ని పాలతో కాకుండా నీళ్ళతో అడగండి, కోకో రుచి అప్పుడే తెలుస్తుంది. మొలినీయో అనే చెక్క కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య తిప్పి నురగ తెప్పిస్తారు, గుడ్డు సొన వేసి చేసిన పాన్ దె యేమా అనే బన్ను అందులో ముంచుకు తినడం. పక్క వీధి మీనాలో కోకో గింజలు, బాదం, దాల్చినచెక్క, పంచదార మనం చెప్పిన పాళ్ళలో మర పట్టించి ఇస్తారు, కారం మర దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది, వాసన మాత్రం వేరు.

మెమెలా అంటే మందంగా తట్టిన రొట్టె మీద చిక్కుళ్ళ ముద్ద, చీజు. దాని మీద ముందు ఆసియెంతో అని, పంది కొవ్వు కాచాక అడుగున మిగిలేది రాస్తారు. ఒక మార్కెట్లో నేను చెప్పడం మర్చిపోయా, అమ్మ సగం తిన్నాక తెలిసింది. పళ్ళెం పక్కన పెట్టేసి నీళ్ళు తాగి కూర్చుంది, నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అమ్మే ఆవిడ సంగతి అర్థమై పెనం తుడిచి, కొత్త పిండి తీసి, ఆసియెంతో లేకుండా ఇంకోటి చేసి డబ్బులు వద్దంది. అమ్మ ఆ పెనం పక్కనే స్టూలు మీద కూర్చుని పిండి చూసింది. మొక్కజొన్న గింజల్ని సున్నం కలిపిన నీళ్ళలో ఉడికించి రాత్రంతా నానబెట్టి, పైపొట్టు కడిగి రుబ్బుతారు, నిక్స్‌టమాల్ అంటారు దాన్ని. అలా చేస్తేనే పిండికి జిగురొస్తుంది, గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. సున్నం అంటే మన తాంబూలం సున్నమేనా అని అడిగింది, అవునన్నాను.

అమ్మ లిస్టులో మొదటిది మాత్రం ఎన్‌ఫ్రిహొలాదాస్. మెత్తటి తొర్తియాలని నల్లచిక్కుళ్ళ పులుసులో ముంచి మడిచి పైన చీజు, ఉల్లిపాయ, పులుసులో సోంపు వాసనొచ్చే అవకాడో ఆకు. ముందే అడిగి నూనెతో చేయించుకున్నాం. తోడు కఫే దె ఒయ్యా, మట్టికుండలో దాల్చినచెక్క, చెరకు బెల్లం వేసి కాచిన కాఫీ. నాలుగు రోజుల్లో మూడు రోజులు అదే తిన్నాం.

డాలస్ వచ్చిన మర్నాడు అమ్మ నన్ను తోమతీయోలు తెమ్మంది, ఇక్కడ ప్రతి కొట్లో దొరుకుతాయి. పెనం మీద కాల్చి, మిరపకాయలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరి, ఇంగువ పోపు పెట్టింది. వేడన్నంలో నెయ్యేసుకుని తిన్నాం.