ఉమ్మడి చెత్త ప్లాంటుకు డబ్బులొస్తే ముందు ఏది కట్టాలి: బాయిలరా, గ్యాస్ ప్లాంటా, జల్లెడ షెడ్డా?

చెత్త ప్రాజెక్టుల నివేదికలు రాసి బతికేవాణ్ణి. కాబట్టి పెళ్లిళ్లలో కూడా నా పక్కన కూర్చున్నవాళ్లు చెత్త గురించే అడుగుతారు. ఈ మధ్య అందరిదీ ఒకటే ప్రశ్న. "మా ఊరు, పక్క ఊరు, ఆ పై ఊరు కలిసి వాడుకునే ప్లాంటు ఉంది, దాన్ని పెంచుతామంటున్నారు. ఏం పెడితే మేలండీ?" కౌన్సిలర్లు అడుగుతారు, అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు అడుగుతారు, మా బావమరిది అయితే వారానికోసారి అడుగుతాడు. విడివిడిగా చెప్పి అలిసిపోయి ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

ఉమ్మడి ప్లాంటు మనకు కొత్త కాదు. కొండవీడు దగ్గర చెత్త కాల్చి కరెంటు తీసే జిందాల్ వాళ్ల ప్లాంటు ఉంది. 15 మెగావాట్లు, 2022లో మొదలైంది, గుంటూరు, విజయవాడతో పాటు చుట్టుపక్కల మున్సిపాలిటీల చెత్త కూడా అక్కడికే పోతుంది. హైదరాబాద్‌కూ దాని చుట్టుపక్కల ఊళ్లకూ కలిపి జవహర్‌నగర్ ఉండనే ఉంది. ఊళ్లను క్లస్టర్లుగా కట్టి ఒక్కో క్లస్టరుకూ ఒక్కో కరెంటు ప్లాంటు పెడదామన్న ఆలోచన ఆంధ్రలో పదేళ్ల కిందటిదే. అన్నీ లేవలేదు. ఇప్పుడు ఆ మాట మళ్లీ వినిపిస్తోంది. ప్రశ్నలు పెరగడానికి కారణం అదే.

నా ముందుకొచ్చే ప్రతిపాదనల్లో మూడే గట్టివి: ఇంకో బాయిలరు (చెత్త కాల్చి, ఆ వేడితో కరెంటు తీసేది), తడి చెత్తకు గ్యాస్ ప్లాంటు (మూసిన ట్యాంకులో కుళ్లబెట్టి గ్యాసు తీసేది), మంచి జల్లెడలతో వేరు చేసే షెడ్డు. ఏది చూసినా నేను ముందడిగేది ఒక్కటే. ఆ లారీలో నీళ్లెన్ని?

నవ్వకండి. కాగితం మీద ఒక లెక్క వేద్దాం. లెక్క నాదే, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతుంది. కలిపి పోసిన చెత్త ఒక కిలో తీసుకోండి. అందులో దాదాపు సగం నీళ్లే. వీధులు ఊడ్చిన మట్టీ ఇటుక ముక్కలూ 200 గ్రాములు. మిగతా 300 గ్రాములు మండే సరుకు. కిలోకు 4000 కిలో కేలరీల చొప్పున దాని వేడి 1200. అర లీటరు నీళ్లను ఆవిరి చేయడానికే అందులో 300 పోతాయి. చేతికి దక్కేది 900. మళ్లీ ఉపయోగానికి రాని చెత్తలో కిలోకు 1500 కిలో కేలరీలూ ఆపైన ఉన్నదాన్ని పూడ్చకుండా శక్తి కోసం వాడాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెప్పాయి. మన కిలో ఆ గీతకు ఎంత కింద ఉందో చూడండి.

అదే కిలోలోంచి వంటింటి తడి అర కిలో (అందులో ముప్పాతిక వంతు నీళ్లే) ముందే పక్కన పెట్టారనుకోండి. మిగిలిన అర కిలోను జల్లెడలో తిప్పి ఓ 100 గ్రాముల మట్టి దులిపారనుకోండి. నా లెక్కలో ఇప్పుడది కిలోకు 1550 దగ్గరికొస్తుంది. కొత్త బాయిలరు పెట్టలేదు, కొత్త టెక్నాలజీ కొనలేదు. నీళ్లూ మట్టీ తీశామంతే, వేడి దాదాపు ముప్పాతిక వంతు పెరిగింది.

ఇదేమీ కొత్త జ్ఞానం కాదు. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ కంపెనీ సాయంతో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చే ప్లాంటు కట్టారు. నడిచింది 21 రోజులు. ఆ యంత్రం అడిగిన వేడి ఒకటి, ఢిల్లీ చెత్త ఇచ్చిన వేడి అందులో సగం. యంత్రం మంచిదే, దానికి పెట్టిన మేత మంచిది కాదు.

బాయిలరు పక్షాన చెప్పాల్సింది కూడా చెబుతాను, లేకపోతే అన్యాయం. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, చిప్స్ ప్యాకెట్లు, తెగిన చెప్పులు, నూనె మరకల పార్సిల్ కవర్లు ఎవరూ కొనరు, ఏ పురుగూ తినదు. వాటికి సరైన వేడిలో, పొగ శుభ్రం చేసే ఏర్పాటుతో కాల్చడమే దిక్కు. కాలిస్తే వచ్చిన చెత్త నాలుగో వంతు బరువుకు తగ్గిపోతుంది. హైదరాబాద్ అంత ఊరికి, ఇంకో జవహర్‌నగర్ గుట్ట పెంచే చోటు లేని ఊరికి, ఆ మాట చిన్నది కాదు. ఆ మిగిలిన నాలుగో వంతు బూడిద ఎక్కడికి పోతుందన్నది మాత్రం అడగాలి. ముఖ్యంగా పొగగొట్టం దగ్గర పట్టే సన్నబూడిద. అది మామూలు గుంటలో పోసేది కాదు. కరెంటు అమ్మి బాగుపడతారన్న మాటను మాత్రం పక్కన పెట్టండి. చెత్త కరెంటు యూనిట్ ఆరు రూపాయల పైన పడుతుంటే సోలార్ అందులో సగానికే వస్తోంది. బాయిలరు కట్టేది చెత్త పోగొట్టుకోవడానికి, కరెంటు కోసం కాదు.

బాయిలరుతో ఇంకో చిక్కుంది. దానికి బాగా నచ్చేవి పొడి ప్లాస్టిక్, అట్టముక్కలు. పాత సామాన్ల కొట్టువాడికి నచ్చేవీ అవే. ఒకసారి పెద్ద బాయిలరు కట్టి, రోజుకు ఇన్ని టన్నులు ఇస్తామని ఊళ్లన్నీ సంతకం పెట్టాక, అట్టలు ఏరుకుని బతికేవాళ్లు ప్లాంటుకు పోటీదారులైపోతారు. పాతికేళ్ల ఒప్పందంలో ఈ లైను ఎక్కడుందో వెతికి చదవండి. టన్నులు తగ్గితే ఊరు జరిమానా కట్టాలని ఉంటే, రేపు మీరు చెత్త తగ్గించినందుకు కూడా కట్టాల్సిందే.

గ్యాస్ ప్లాంటు సంగతి వేరు. దానికి నీళ్లు శత్రువు కాదు. మన చెత్తలో సగానికి పైగా ఉండే అన్నం, కూరగాయల తొక్కలు, అరటి బోదెలు దానికి విందు భోజనం. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త, దాని నుంచి 17,000 కిలోల బయో సీఎన్‌జీ (బండ్లకు వాడే గ్యాసు). అంటే టన్నుకు 30 కిలోల చొప్పున. అంత పెద్దది అక్కర్లేదంటారా, సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ చూడండి. రోజుకు 10 టన్నుల మార్కెట్ చెత్త, దానితో 500 యూనిట్ల కరెంటు, కొంత వంట గ్యాసు. సాంకేతికత మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లదే.

అయితే లక్నోలో 2003లో ఇలాంటిదే కట్టారు, రోజుకు 300 టన్నులకు. కొద్దికాలానికే మూతపడింది. తడి చెత్త అని పంపినదాంట్లో మట్టీ ప్లాస్టిక్కూ కలిసొచ్చాయి. ఇండోర్‌కూ లక్నోకూ తేడా ట్యాంకుల్లో లేదు, ఇంటి గుమ్మం దగ్గర ఉంది. ఇండోర్‌లో చెత్త బండికి అరలున్నాయి, కలిపి ఇస్తే బండివాడు తీసుకోడు. మనకూ క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో 2021లో ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు పంచారు. మా ఇంట్లో నీలం బుట్టలో ఉల్లిపాయలున్నాయి, ఎర్రదాంట్లో మా మనవడి బొమ్మలు. ఆకుపచ్చది పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు. పైగా మా వీధిలో మూడు బుట్టలూ ఒకే ట్రక్కులో ఒంపేవాళ్లు. అది చూశాక ఎవరు మాత్రం వేరు చేస్తారు?

ఇప్పుడు కాటా దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఉమ్మడి ప్లాంటులో ఖర్చు పంచుకునేది టన్నుల లెక్కన. ప్రైవేటువాడికి టిప్పింగ్ ఫీజు (మన చెత్త దింపుకున్నందుకు ఇచ్చే రుసుము) ఇచ్చేదీ టన్నుల లెక్కనే. లారీ ఎంత బరువుంటే అంత బిల్లు. కొన్నేళ్ల కిందట, చిన్న బళ్ల చెత్తను పెద్ద లారీల్లోకి ఎక్కించే ఒక ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో శ్రావణ మాసపు ముసురులో ఒక రోజంతా కాటా పక్కన కూర్చున్నాను. లారీ అడుగు నుంచి నల్లటి నీళ్లు ధారగా కారుతున్నాయి, కాటా మీద అంకె మాత్రం ఎండాకాలం కంటే ఎక్కువే చూపిస్తోంది. ఆ పట్టణం ఆ రోజు వాననీళ్లకు కూడా డబ్బు కట్టింది. ఆ నీళ్లను మోసినందుకు డీజిలూ కట్టింది. విజయవాడ నుంచి కొండవీడు వైపు యాభై కిలోమీటర్లు పైనే. తడి చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే. అంటే అంత దూరం వెళ్లే నాలుగు తడి చెత్త లారీల్లో మూడు నీళ్ల ట్యాంకర్లే అన్నమాట. వేసవిలో నీళ్ల ట్యాంకరు కోసం కొట్టుకునే ఊళ్లు, ఏడాది పొడుగునా నీళ్లను ఊరు దాటించడానికి ఎదురు డబ్బిస్తున్నాయి.

అందుకే నా మొగ్గు ఎటో మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. తడి చెత్త ఆ లారీ ఎక్కకూడదు. గ్యాస్ ప్లాంటు మంచిదే గానీ, ఉమ్మడి ప్లాంటు ఆవరణలో పెద్దదొకటి కడితే సగం లాభం దారిలోనే కారిపోతుంది. రైతుబజారు, మార్కెట్ యార్డు, హోటళ్ల వీధి ఎక్కడున్నాయో చూసుకుని ఏ ఊళ్లో ఆ ఊరు ఐదు పది టన్నులవి పెట్టుకోవడం మేలు. అక్కడి చెత్త ఎలాగూ ఒకే రకం, వేరు చేయమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అర లక్ష జనాభా ఊరికి రోజుకు 15 నుంచి 20 టన్నులు చెత్త వస్తుందనుకుంటే, అందులో తడి 10 టన్నులు. బోయినపల్లి అంత.

ఇక ఉమ్మడి డబ్బు జల్లెడ షెడ్డుకు. గుండ్రంగా తిరిగే పెద్ద జల్లెడలు, బెల్టు, ఇనుము లాగే అయస్కాంతం, అట్టల్నీ సీసాల్నీ బేళ్లు కట్టే యంత్రాలు, ఏరేవాళ్లకు గ్లవ్స్, నీడ, స్నానాల గది. చూడ్డానికి ఏమీ ఉండదు, రిబ్బను కత్తిరించడానికి మంత్రిగారు రారు. కానీ ఈ షెడ్డు లేకుండా బాయిలరు సరిగ్గా మండదు, ఏరిన సరుకుకు ధర రాదు. పైన వేసిన లెక్కలో 900ను 1550 చేసిన పనిలో మట్టి దులిపిన సగం ఈ షెడ్డుదే. మిగతా సగం మన గుమ్మాలది. అన్నీ ఏరగా మిగిలిన పొడి తుక్కును సిమెంటు కంపెనీలు కాల్చుకుంటాయి. వాళ్ల కొలిమి వేడి 1400 డిగ్రీలు దాటుతుంది, బూడిద కూడా సిమెంటులోనే కలిసిపోతుంది. జగ్గయ్యపేట, పల్నాడు, మేళ్లచెరువు చుట్టూ ఉన్నన్ని సిమెంటు కొలిములు ఎన్ని జిల్లాలకున్నాయి చెప్పండి! వంద కిలోమీటర్ల లోపు పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం ఈ తుక్కును వాడాలని 2016 నిబంధనల్లోనే పెట్టారు. ఆ మార్గం నిండిపోయి, ఇంకా మిగిలితే అప్పుడు రెండో బాయిలరు గురించి మాట్లాడుకోవచ్చు. హైదరాబాద్‌కు మిగులుతుంది. నరసరావుపేటకో సత్తెనపల్లికో మిగులుతుందని నేననుకోను.

కంపోస్టు గురించి అడుగుతారు. మంచిదే, కలిపి పోసిన చెత్తతో చేస్తే గాజు పెంకులొస్తాయి, రైతు రెండోసారి కొనడు. ప్లాస్మా, పైరోలిసిస్ (విపరీతమైన వేడితో చెత్తను గ్యాసుగానో నూనెగానో మార్చే పద్ధతులు) అంటూ రంగుల పుస్తకాలు పట్టుకొచ్చేవాళ్లను మన దేశపు చెత్తతో మూడేళ్లు నడిచిన ప్లాంటు చూపించమనండి, చాలు.

చివరికి అందరూ అడిగేది వాసన గురించి. ఊరి మధ్య గ్యాస్ ప్లాంటు పెడితే కంపు కొట్టదా అని. మూత బిగించిన ట్యాంకులోంచి రాదు. వచ్చేది ముందు గుట్ట పోసుకునే చోటు నుంచి, తెచ్చిన సరుకు ఆ రోజే ట్యాంకులో పడకపోతే. కాబట్టి టెండరులో ట్యాంకు సైజు ఎంతో చూసే ముందు, ట్యాంకులో వేసే ముందు చెత్తను రుబ్బే యంత్రం చెడితే రెండోది ఉందా అన్నది చూడండి. నేను చూసిన రెండు చోట్ల కంపు మొదలైంది యంత్రం రిపేరుకు వెళ్లిన వారంలోనే.