గుర్రం ప్రాణం నొప్పి లేకుండా తీస్తామనే బండివాడితో జాగ్రత్త

కావలి నుంచి ఒంగోలు దాకా పెళ్లి గుర్రాలు, బీచ్ గుర్రాలు పెట్టుకున్నవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. "ముసలివైనా, దెబ్బ తగిలినా ఇంటికే వచ్చి ఇంజెక్షన్ చేస్తాం, పూడ్చే పనీ మాదే" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఆ మెసేజ్ పెట్టే మనిషి గురించే ఇది. పేరు రాయను, మన గుర్రాలవాళ్లకి చెప్పక్కర్లేదు.

మా గుర్రం రాణి హైవే మీద లారీ హారన్‌కి బెదిరి కాలవలో పడింది. ముందరి కాలు మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. గుర్రానికి అలా విరిగితే అతకడం కష్టమని మీకు తెలుసు. అంత బరువునీ నెలల తరబడి మూడు కాళ్ల మీద మోయలేదు, బాగున్న కాలి గిట్ట కూడా చెడిపోతుంది. ఇంక దాన్ని బాధపెట్టొద్దురా అని మా నాయనే అన్నాడు. ఆదివారం రాత్రి. ఆ నంబరుకి ఫోన్ చేస్తే డాక్టరుతో వస్తా, సగం ముందే కొట్టండి అన్నాడు. 6,000 పంపించాం.

వాడితో వచ్చింది ఒక ట్రాలీ ఆటో, ఇద్దరు కుర్రాళ్లు, ఒక మోకు. డాక్టరు లేడు.

"ఏడన్నా డాక్టరు?" అంటే "గోడౌన్ కాడ ఉన్నాడు, ముందు ఎక్కించండి" అన్నాడు. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పమన్నాను. నవ్వాడు. "చచ్చేదానికి రిజిస్ట్రేషన్ ఎందుకన్నా!" ఈలోపే కుర్రాళ్లు విరిగిన కాలికే మోకు బిగించి లాగారు. చిన్నప్పటి నుంచీ గుర్రాల మధ్యే పెరిగాను, అలాంటి అరుపు ఎప్పుడూ వినలేదు. మెడంతా చెమటతో తడిసిపోయింది, పళ్లు కొరుకుతోంది. మా నాయన దాని తల పట్టుకుని ఆపండయ్యా అని వాళ్లకి దండం పెడుతుంటే "టైం వేస్ట్ చేయబాక పెద్దాయనా, తప్పుకో" అన్నాడు. దండం పెట్టే ముసలాయనతో అనే మాటేనా అది? తమ్ముడు కొడవలి తెచ్చి మోకు కోసేశాడు. జనం పోగవడంతో బండెక్కి పోయారు. డబ్బులడిగితే నంబరు బ్లాక్ చేశాడు.

పూడ్చేవాడికి ప్రాణంతో ఉన్న గుర్రం బండిలోకి ఎందుకు? మన ప్రకాశం జిల్లాలో గాడిద మాంసం అమ్ముతూ పట్టుబడ్డ వార్తలు అందరం చదివినవే. గాడిద, గుర్రం రెండింటి మాంసానికీ మన ఆహార చట్టంలో అనుమతి లేదు. రుజువు లేకుండా వాడిని ఏమీ అనను, కానీ నా అనుమానం నాకుంది.

తెల్లారాక ప్రభుత్వ పశువుల డాక్టరుగారు వచ్చారు. ముందు మెడ నరానికి మత్తు ఇచ్చారు. రాణి తల వాలాకే రెండో మందు ఎక్కించారు. స్టెతస్కోపు పెట్టి గుండె విన్నారు, కనుగుడ్డు మీద వేలు ఆనించి రెప్ప కదలడం లేదని చూశారు, కాసేపు ఆగి మళ్లీ విన్నారు. అప్పుడే అయిపోయిందని చెప్పారు. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాన్ని తింటే కుక్కలూ గద్దలూ కూడా చస్తాయట, అందుకే జేసీబీతో లోతుగా గుంట తీయించారు. నొప్పి లేకుండా పంపడమంటే ఇదీ. ఆ రాత్రంతా అది పడ్డ నరకం మాత్రం ఆ బండివాడి పుణ్యమే, వాడిని వదలను.

మీకు ఇలాంటి అవసరం వస్తే ముందు పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా మీ పశువుల ఆసుపత్రికి. డాక్టరు గుర్రం దగ్గరికే రావాలి, గుర్రాన్ని డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లనివ్వొద్దు. డబ్బు ముందు ఇవ్వొద్దు. తీరని బాధలో ఉన్న జంతువు ప్రాణం తీయడానికి 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనే వీలుంది. ముసలిదైందని రోడ్డు మీద వదిలేస్తే మాత్రం అదే చట్టం కింద నేరం.

మెసేజ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, బండి ఫోటో నా దగ్గరున్నాయి. వాడి చేతిలో మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, పోలీస్ స్టేషన్‌కి కలిసి వెళ్దాం.