మా జిరాక్స్ షాపులో లైనక్స్ మింట్: ఆరు నెలల వాడకం

మాది నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న షాపు. జిరాక్స్, డీటీపీ, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. పద్దెనిమిదేళ్లుగా కౌంటర్లో నేనే కూర్చుంటున్నా. కంప్యూటర్ పాడైతే మెకానిక్‌కి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా కస్టమర్లకు సర్దిచెప్పడం తప్ప నాకేమీ తెలిసేది కాదు. ఆ మెకానిక్ దగ్గర ఏ రోగానికైనా మందు ఒకటే. "ఫార్మాట్ కొట్టాలక్కా." ప్రింట్ రాకపోయినా ఫార్మాటే, సిస్టమ్ స్లో అయినా ఫార్మాటే. ఐదొందలు ఇచ్చి, పోయిన ఫాంట్లన్నీ మళ్లీ ఎక్కించుకుని కూర్చోవాలి.

షాపులో వాడేది సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్లో 12,500కి కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. ఐ5 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ దాకా రావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. నా దానికి రెండూ లేవు. కొత్తది కొనే ఉద్దేశం నాకు లేదు. హైదరాబాద్‌లో చదువుతున్న మా అబ్బాయి దసరా సెలవులకు వచ్చినప్పుడు, "అమ్మా, విండోస్ తీసెయ్యను, పక్కన మింట్ పెడతా, నచ్చకపోతే వాడకు" అన్నాడు.

పెట్టింది లైనక్స్ మింట్ 22.2, సినమన్ ఎడిషన్. విండోస్ లాగే కంప్యూటర్ని నడిపే ఇంకో సిస్టమ్. ఉచితం. ఉబుంటు 24.04 అనే ఇంకో లైనక్స్ మీద కట్టింది కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఎక్కించక ముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, చూడ్డానికి పాత విండోస్ 7 లాగే ఉంటుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. ఇదివరకు విండోస్ తెరుచుకునేలోపు షట్టరెత్తి, ఊడ్చి, దేవుడి పటానికి అగరబత్తి వెలిగించేదాన్ని. ఇప్పుడు చీపురు చేతిలో ఉండగానే తెరుచుకుని కూర్చుంటోంది. స్పీడు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక సమస్యల దగ్గరికొద్దాం. రివ్యూ రాయాలనిపించిందే వాటి వల్ల.

మొదటిది వైఫై. మా అబ్బాయి మింట్ పెట్టి సాయంత్రం బస్సెక్కాడు. మర్నాడు పొద్దున చూస్తే వైఫై లేదు. లిస్టులో నెట్‌వర్కులు లేకపోవడం కాదు, అసలు తెర మీద వైఫై ఆన్ చేసే మీటే జరగట్లేదు. వాడికి ఫోన్ చేస్తే పరీక్షలో ఉన్నాడు. స్కాలర్‌షిప్ అప్లికేషన్లకు ఆరుగురు పిల్లలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నాకు టెన్షన్ మొదలైంది. ఆ పూటకి ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. ఏ డ్రైవర్ అడక్కుండా నెట్ వచ్చేసింది. లైనక్స్ పెట్టుకునేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఈ ఒక్కటే. నెట్ ఉంటే మిగతావన్నీ నిదానంగా వెతుక్కోవచ్చు.

మా దగ్గర ప్రాజెక్టు రిపోర్టులు ప్రింట్ తీయించుకునే ఇంజనీరింగ్ కుర్రాడొకడు నన్ను తెలుగువాళ్ల లైనక్స్ టెలిగ్రామ్ గ్రూపులో చేర్చాడు. చేరగానే "వైఫై రావట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని పెట్టాను. మధ్యాహ్నం దాకా ఒక్కరూ పలకలేదు. నాకు కోపమొచ్చింది. ఆ కుర్రాడే వచ్చి, "అక్కా, డాక్టర్ దగ్గరికి పోయి బాగలేదు అంటే ఏం రాస్తడు? ఏ మిషినో, ఏ చిప్పో చెప్పాలె" అన్నాడు. మింట్ మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ అని ఒకటుంది, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్. తెరిస్తే ప్రాసెసర్, ర్యామ్, వైఫై చిప్పు, దాని డ్రైవర్ అన్నీ ఒకే పేజీలో వస్తాయి. కాపీ బటన్ నొక్కి అతికించడమే. టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఇన్‌క్సీ -ఎఫ్ (పెద్ద ఎఫ్) అని కొట్టినా దాదాపు ఇదే జాబితా వస్తుంది. చివర జెడ్ అక్షరం చేరిస్తే సీరియల్ నంబర్ల లాంటివి దాచేసి చూపిస్తుందట. అది పెట్టిన పది నిమిషాల్లో జవాబొచ్చింది.

జవాబిచ్చింది విశాఖపట్నం ఆయన. టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారట. ఆయన నాకు పరిష్కారమేమీ చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేశారు. "టెర్మినల్ తెరిచి ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి, ఏమొస్తే అది పెట్టమ్మా." కొట్టాను. వైర్‌లెస్ అన్న పేరు కింద రెండు లైన్లు వచ్చాయి. సాఫ్ట్ బ్లాక్డ్: నో. హార్డ్ బ్లాక్డ్: యెస్. ఆయన వివరించింది ఇదీ: సాఫ్ట్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, ఒక్క కమాండ్‌తో తీసేయొచ్చు. హార్డ్ అంటే మిషన్ తనే ఆపింది, ఎన్ని డ్రైవర్లు మార్చినా వదలదు. "ఆ కాలం ఆఫీసు లాప్‌టాప్‌లకి అంచున చిన్న జారుడు స్విచ్ ఉండేదమ్మా. చూడండి."

తిప్పి తిప్పి చూశాను. లేదు. ఫోటో తీసి పెట్టాను. ఆయన ఫోటోలో ఒక చోట గుండ్రంగా ఎర్ర గీత గీసి, "ఇక్కడ వేలితో నొక్కి చూడమ్మా" అన్నారు. నొక్కితే కుడి అంచున, స్టిక్కర్ కింద, బియ్యపు గింజంత ఎత్తు తగిలింది.

జరిగిందేంటంటే, మింట్ పెట్టిన ముందు రోజే లాప్‌టాప్ గీతలు కనపడకుండా పక్క సందులో నల్ల స్కిన్ వేయించాను. స్కిన్ వేసిన కుర్రాడు అంచుల దాకా గట్టిగా లాగి అతికించాడు. లాగడంలో స్విచ్ ఆఫ్ వైపు జరిగి, స్కిన్ కింద అలాగే ఉండిపోయింది. రెండు రోజులు నేను తిట్టింది లైనక్స్‌ని, మా అబ్బాయిని. బ్లేడుతో అక్కడ చిన్న కిటికీ కోసి, గోరుతో జరిపితే రెండు సెకన్లలో నెట్‌వర్కులన్నీ వచ్చేశాయి. గ్రూపులో చెప్తే ఒక నిమిషం పాటు నవ్వుల బొమ్మలే. నా మెకానిక్ అయితే ఈపాటికి రెండుసార్లు ఫార్మాట్ కొట్టి ఉండేవాడు.

రెండోది టైము. ఇది చిన్నదే కానీ నాకు భలే నచ్చింది. పేజ్‌మేకర్ అనే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత ఫైళ్ల కోసం ఒక రోజు విండోస్‌లోకి వెళ్లాను. పొద్దున పదింటికి బిల్లు తీసిస్తే కస్టమర్ చూసి, "అక్కా, నాలుగున్నరకే షాపు తెరిచినవా?" అన్నాడు. ఎదురుగా క్లాక్ టవర్ పెట్టుకుని మా బిల్లు మీద తెల్లవారుజాము. సరిచేస్తే సరిపోయింది, మళ్లీ మింట్‌కి వెళ్లొస్తే మళ్లీ అంతే. ప్రతిసారీ కచ్చితంగా ఐదున్నర గంటలు వెనక్కి.

ఆ ఐదున్నర అన్న మాట చెప్పగానే గ్రూపులో ఒకమ్మాయి పట్టేసింది. లాప్‌టాప్ బోర్డు మీద, కరెంటు లేకపోయినా నడిచే చిన్న గడియారం ఒకటుంటుంది. విండోస్ అందులో మన టైమే ఉందనుకుంటుంది. లైనక్స్ అందులో యూటీసీ, అంటే గ్రీనిచ్ లెక్క రాసి పెట్టి, చూపించేటప్పుడు ఐదున్నర కలుపుతుంది. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే గోడ గడియారం, చదివే పద్ధతులు వేరు. మింట్ టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒక్క లైను కొట్టమంది. విండోస్‌నే మార్చే దారీ ఉంది కానీ రిజిస్ట్రీలో వేలు పెట్టాలట, వద్దనుకున్నా. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ తేడా రాలేదు.

మూడోది ప్రింటర్, షాపుకి ప్రాణం. మా లేజర్ ప్రింటర్ పదేళ్ల పైది, కంపెనీ పేరెందుకులెండి. మింట్‌లో ఒక రోజు చక్కగా వస్తుంది, ఒక రోజు "ప్రింటింగ్" అని చూపిస్తూ కాగితం కదలదు. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, ప్రింటర్ని తీసేసి మళ్లీ కలిపాను. ఏ లెక్కకీ అందలేదు.

ఈసారి నాకు అడగడం వచ్చేసింది కదా, సిస్టమ్ వివరాలన్నీ ముందే పెట్టాను. విశాఖ ఆయన రాత్రి తొమ్మిదింటికి ఒకే ప్రశ్న అడిగారు. "ప్రింట్ వచ్చిన రోజుల్లో ముందు విండోస్‌లోకి వెళ్లారా?" నేను బిల్లుల పుస్తకం తీసి చూసుకున్నా. నిజమే. విండోస్‌లో పని చేసి, ప్రింటర్ ఆపకుండా మింట్‌కి వచ్చిన రోజు ప్రింట్ వచ్చింది. పొద్దున్నే నేరుగా మింట్ ఆన్ చేసిన రోజు రాలేదు. మధ్యలో కరెంటు పోయినా అంతే.

ఈ రకం ప్రింటర్‌లో ఫర్మ్‌వేర్ దాచుకునే చోటే లేదట. అంటే స్విచ్ వేసిన ప్రతిసారీ దానికి ఏమీ గుర్తుండదు. ఎలా ప్రింట్ చేయాలో కంప్యూటరే మళ్లీ ఎక్కించాలి. విండోస్ డ్రైవర్ ఆ పని గుట్టుగా చేసేస్తుంది. మింట్‌లో డ్రైవర్ ఉంది గానీ, ఎక్కించాల్సిన ఆ ఫైలు కంపెనీ సొంత సొత్తు కాబట్టి మింట్‌తో పాటు రాదు, విడిగా ప్లగిన్ దించుకోవాలి. ఒక కమాండ్, రెండుసార్లు యెస్, అయిపోయింది. ఇప్పుడు పొద్దున స్విచ్ వేయగానే ప్రింటర్ గర్రుమని తిరిగి సిద్ధంగా ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి కూడా చెప్పాలి. ఎవరో పెట్టిన వీడియో చూసి, "పాత పైథాన్ తీసేస్తే సిస్టమ్ ఫాస్ట్ అవుతుంది" అంటే అలాగే కమాండ్ కొట్టాను. పైథాన్ అంటే ప్రోగ్రాములు రాసే ఒక భాష. తీసేయబోయేవాటి జాబితా అరపేజీ వచ్చింది, చదవకుండా వై నొక్కాను. మింట్ డెస్క్‌టాప్‌లో సగం పైథాన్ మీదే నిలబడి ఉందని నాకెలా తెలుస్తుంది? మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. కాళ్లు చల్లబడ్డాయి. మా అబ్బాయి మొదటి రోజే టైమ్‌షిఫ్ట్ అన్నది ఆన్ చేసి, రోజుకోసారి సిస్టమ్ కాపీ తీసి దాచేలా పెట్టి వెళ్లాడు. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి, అందులోంచి టైమ్‌షిఫ్ట్ తెరిచి, నిన్నటి తేదీ ఎంచి రీస్టోర్ నొక్కాను. టీ తాగి వచ్చేసరికి నిన్నటి సిస్టమ్ ఎదురుగా ఉంది. మామూలుగా టైమ్‌షిఫ్ట్ మన సొంత ఫైళ్ల జోలికి పోదు, అందుకని ఆ పొద్దున టైప్ చేసిన పెళ్లికార్డు కూడా పోలేదు. కాకపోతే ఇదే కారణంగా మన ఫైళ్లకు విడిగా బ్యాకప్ పెట్టుకోవాలి. నేను పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నా.

తెలుగు టైపింగ్ సంగతి. యూనికోడ్ తెలుగు హాయిగా వస్తుంది. పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు కూడా ఉన్నాయి. డీటీపీ వాళ్లకు ఇది పెద్ద మాట. నా వేళ్లు కుదురుకోవడానికి వారం పట్టింది. అయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు మాత్రం విండోస్‌లోనే. వాటికోసమే దాన్ని డిస్కులో ఓ పక్కన ఉంచాను, వారానికి ఒకటి రెండుసార్లు వెళ్తుంటాను. మా దగ్గరున్న వేలిముద్ర మిషన్‌కి కూడా లైనక్స్ డ్రైవర్ దొరకలేదు. షాపులో ఆ పనే ఎక్కువైతే మింట్ మీకు కుదరదు.

తీరని సమస్య ఒకటి మిగిలింది. మూత వేసి నిద్రపుచ్చితే ఐదుసార్లలో ఒకసారి లేవదు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. అప్‌డేట్ మేనేజర్‌లో వేరే కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) ఎంచుకోవచ్చని చెప్పారు, పాతది వేసి చూశాను, అదే వరస. జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్‌తో క్రితం సారి నడిచినప్పటి రికార్డు తీసి పెడితే విశాఖ ఆయన రెండు రోజులు చూసి, "నాకు అర్థం కావట్లేదమ్మా, తెలిస్తే చెప్తా" అన్నారు. తెలియదన్న కంప్యూటర్ మనిషిని నేను చూడ్డం అదే మొదటిసారి. ఇప్పుడు మూత వేయను, షట్‌డౌన్ చేస్తాను.

మింట్‌కి ఐదులో నాలుగు ఇస్తాను. కోసిన ఒకటి వేలిముద్ర మిషన్‌కీ, ఆ మూతకీ. గ్రూపులో వాళ్లకి మార్కులు వేసే స్థితిలో నేను లేను. డబ్బులిస్తామంటే తీసుకోరు. విశాఖ ఆయనకి మా వైపు సకినాలు పార్శిల్ పంపుతానన్నా, షుగర్ ఉందన్నారు.

మొన్న గ్రూపులోకి కడప నుంచి ఒకాయన వచ్చి "వైఫై రావట్లేదు, అర్జెంట్" అని పెట్టాడు. ఎవరూ పలకకముందే నేను రాశాను: "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి, హార్డ్ బ్లాక్డ్ యెస్ అని వస్తే అంచున స్విచ్ చూడండి." యెస్ అనే వచ్చింది. కానీ ఆయన లాప్‌టాప్‌కి అసలు స్విచ్చే లేదట, స్కిన్ కూడా వేయించలేదట. ఫోటోలు నాలుగు వైపులా తీసి పెట్టమన్నాను. ఇంకా వెతుకుతున్నాం.